సీటన్ ట్రాం: ముప్ఫై మూడంగుళాల పట్టా మీద ఒక పూట

ఇంగ్లండ్ నుంచి ఏం తెచ్చావని మా వీధిలో అందరూ అడిగారు. అక్కడ ఏం ఎక్కావని అడిగింది మాత్రం ఎదురింటి వదిన ఒక్కర్తే. ఆవిడ పుట్టిల్లు కాశీనగరం. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లకు పైగా పుట్టింటికి చిన్నబండిలోనే, అంటే మా వైపు తిరిగిన ఇరుకు పట్టాల రైల్లోనే, వెళ్లొచ్చిన మనిషి. "మన బండిలాంటిదే ఎక్కాను వదినా" అంటే చేతిలో చాట పక్కన పెట్టేసి అరుగు మీద కూర్చుంది. ఆవిడకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, గుణుపురం వైపు నుంచి పిల్లలు ఆ దేశం వెళ్లిన ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు లండన్‌లో కోటలూ వంతెనలూ చూపిస్తారు. ఇది కూడా చూపించమని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

మా అమ్మాయి ఎక్సెటర్‌లో నర్సు. అక్కణ్ణుంచి కారులో గంట లోపే సీటన్ అనే చిన్న ఊరు వస్తుంది. డెవన్ జిల్లా, సముద్రపు ఒడ్డు. ఆక్స్ అనే నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ నది పక్కనుంచి కోలిటన్ అనే ఊరి దాకా మూడు మైళ్లు, అంటే ఐదు కిలోమీటర్లకు కాస్త తక్కువ, ఒక ట్రాం నడుస్తుంది. వెళ్లడానికి సుమారు అరగంట. రావడానికి మరో అరగంట. మేం గత జూన్‌లో వెళ్లాం. నేను, మా ఆయన, అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ల మనవడు.

ముందు నాకు పెద్ద ఆశ లేదు. ట్రాం అంటే కలకత్తాలో ఎప్పుడో ఒకసారి ఎక్కాను. రోడ్డు మధ్యలో, కార్ల మధ్యలో వెళ్లే బండి అనే అనుకున్నాను. సీటన్ స్టేషన్లో అడుగుపెట్టి ఆ బండిని చూడగానే కాళ్లు ఆగిపోయాయి. అంత చిన్నది! రెండంతస్తులు ఉంది, పై అంతస్తుకి కప్పు లేదు, ఒళ్లంతా నిగనిగలాడే రంగు. కానీ మామూలు ట్రాంని ఎవరో సగానికి కుదించినట్టుంది. తర్వాత తెలిసింది, నిజంగానే ఇవి అసలు ట్రాంలో సగం నుంచి మూడింట రెండు వంతుల సైజులో కట్టినవి. మనవడు ఎగిరి గంతేశాడు. మా ఆయన మాత్రం బండిని చూడలేదు. కిందకి వంగి పట్టాలు చూస్తున్నారు.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. నలభై ఏళ్లు మా ఊరు పర్లాలో, అంటే పర్లాకిమిడిలో, దర్జీ పని చేశారు. మిషన్ తొక్కడం మానేసి నాలుగేళ్లయినా చొక్కా జేబులో టేపు ఉండాల్సిందే. ఏ గుమ్మం చూసినా, ఏ బల్ల చూసినా కొలుస్తారు. విమానంలో సీటు కూడా కొలిచారు.

"ఏమే, ఇది మనదే" అన్నారు నా వైపు తిరిగి.

"మనదెక్కడండీ, మనది పీకేసి ఇరవై ఏళ్లయింది" అన్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా మా మహారాజావారు వేయించిన చిన్న రైలు 1900 ఏప్రిల్ 1న మొదలైంది. ఇరవై అయిదు మైళ్లు. ఆ రోజుల్లో ఏడు లక్షల రూపాయల ఖర్చు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. మొదట్లో నష్టాలే. తర్వాత తర్వాత లాభం కళ్లజూసి, 1929లో మొదలుపెట్టి 1931కల్లా గుణుపురం దాకా పొడిగించారు. మధ్యలో 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. చిత్రంగా అదీ ఏప్రిల్ 1నే. పర్లాకిమిడి ఒడిశాకి వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. బండి మాత్రం ఏ రాష్ట్రానిదీ కానట్టు రెండింటి మధ్యా తిరిగింది. మా సంతలో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది చూడండి, ఆ బండిలో మాటలూ అంతే. 2004 జూన్‌లో పెద్ద లైను, అంటే అరవై ఆరు అంగుళాల పట్టా, కోసం దాన్ని ఆపేశారు. 2011లో గుణుపురం దాకా పెద్ద బండి వచ్చింది.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చింది ఆ చిన్నబండిలోనే. 1981 వైశాఖం. టెక్కలిలో ఎక్కాం. సారె బుట్టలు కాళ్ల దగ్గర, ట్రంకు పెట్టె తలుపు దగ్గర. ఎదుటి బల్ల మీద మా అత్తగారు. పెట్టె ఎంత ఇరుకంటే నా మోకాళ్లు ఆవిడ మోకాళ్లకి తగులుతున్నాయి. తల ఎత్తడానికి భయం, కాళ్లు వెనక్కి లాక్కోవడానికి చోటు లేదు. పెద్దసాన, టెంబూరు, గంగువాడ దాటాక ఆవిడే సున్నుండ ఒకటి చేతిలో పెట్టి "తిను, నా కాళ్లకేం నొప్పి లేదు" అన్నారు. పాతపట్నం దాటగానే మా ఆయన కిటికీలోంచి చూపిస్తూ "ఇక్కడితో మీ రాష్ట్రం అయిపోయింది" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నాతో పదిమందిలో అన్న మొదటి మాట అదే.

సీటన్ ట్రాంలో కింద పెట్టెలో కూర్చున్నప్పుడు ఎదురుగా ఒక ఇంగ్లీషావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. మోకాళ్లు తగిలాయి. ఆవిడ ఏదో అని నవ్వింది, నేనూ నవ్వాను. అమ్మాయి తర్జుమా చేయబోతే వద్దన్నాను, నాకు అర్థమైంది.

పైన కూర్చుంటే చుట్టూ బాగా కనిపిస్తుందని మనవడు పట్టుబట్టాడు. మెట్లు సన్నం, మలుపు తిరిగి ఉంటాయి. బండే చిన్నదైనప్పుడు మెట్లు ఇంకెలా ఉంటాయి! మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ సరదా పిల్లలకి వదిలేసి కిందే కూర్చోవడం మంచిది. చక్రాల కుర్చీ ఎక్కించుకునే బండ్లు కూడా వాళ్ల దగ్గర ఉన్నాయి, అలాంటి వాళ్లుంటే ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవాలి. జూన్ నెలైనా పైన గాలి ఈడ్చి కొడుతుంది. మా ఆయన తలకి మఫ్లర్ చుట్టుకుని మనవడితో పైకెళ్లారు. మన పుష్యమాసం చలికి సరిపడా బట్టలు తీసుకెళ్లండి.

బయల్దేరాక కుడివైపంతా నది. ఎడమవైపు చిత్తడి నేలలు. మేం వెళ్లేసరికి పోటు తగ్గి, నది అడుగున బురద నల్లగా మెరుస్తోంది. దాని మీద తెల్లకొంగలు, బాతులు, ఇంకా నాకు పేరు తెలియని పొడుగు ముక్కు పిట్టలు. బండి పరుగు పెట్టదు. సైకిల్ తొక్కేవాడు పక్కన కబుర్లు చెబుతూ రావచ్చు, అంత నిదానం. కరెంటు బండి, ఇంజను లేదు కాబట్టి పొగ లేదు, రొద లేదు, పట్టాల మీద చక్రాల చప్పుడొక్కటే. పిట్టలు లేచిపోవు. ఒక కొంగ పట్టాలకి పది అడుగుల దూరంలో ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని చూసింది. దాని మెడ మీద ఈకలు గాలికి విడిపోవడం కూడా కనిపించింది.

నాకు తేలినీలాపురం గుర్తొచ్చింది. నౌపడాకి దగ్గర్లోనే ఆ ఊరు. ఏటా చలికాలం ముందు దూరదేశాల నుంచి గూడబాతులూ కొంగలూ వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊళ్లోవాళ్లు వాటిని చూసుకుంటారు. చిన్నప్పుడు మా నాన్న ఎడ్లబండి మీద తీసుకెళ్లేవారు. నౌపడా ఉప్పుమళ్లు ఒకవైపు, ఆ పిట్టలు ఒకవైపు. సీటన్‌లో కిటికీ పక్కన కూర్చుని ఆ ఉప్పుగాలి పీలుస్తుంటే కాసేపు ఏ ఊళ్లో ఉన్నానో మర్చిపోయాను.

ఇది ఒంటి లైను. మధ్యమధ్య లైను రెండుగా చీలి, ఎదురొచ్చే బండి కోసం మన బండి ఆగుతుంది. ఆగినప్పుడు రెండు బండ్ల డ్రైవర్లూ పలకరించుకుంటారు. పిల్లలు ఒకళ్లకొకళ్లు చేతులూపుకుంటారు. కోలిఫర్డ్ అనే ఊరి దగ్గర పెద్ద రోడ్డు దాటాలి. ఎర్రదీపాలు వెలిగి, అటూ ఇటూ కార్లు వరసగా ఆగితే, మధ్యలోంచి ఈ బుల్లి బండి దర్జాగా దాటిపోతుంది. మనవడికి అన్నిటికన్నా అదే నచ్చింది. అక్కణ్ణుంచి నది వదిలేసి కోలీ అనే వాగు పక్కన ఆవులు మేసే పచ్చికల్లోంచి వెళ్తుంది.

ఈ దారి కథ మా అల్లుడు చదివి చెప్పాడు. 1868లో ఇక్కడ మామూలు రైలు వేశారు. వేసవిలో సముద్రస్నానాలకి వచ్చేవాళ్లతో నిండిపోయేదట. తర్వాత కార్లు పెరిగాయి, దేశమంతటా నష్టాల లైన్లు మూసేశారు, 1966 మార్చిలో ఇదీ మూతపడింది. క్లాడ్ లేన్ అని ఒకాయన బ్యాటరీ బండ్లు తయారుచేసేవాడు. ట్రాంలంటే పిచ్చి. ఈస్ట్‌బోర్న్ అనే ఊళ్లో సముద్రం పక్కన చిన్న ట్రాంలు నడిపేవాడు. అక్కడ ఇక కుదరదని తెలిశాక ఈ ఖాళీ రైలుదారిని కొనుక్కుని, ఆ బండ్లన్నిటినీ ఇక్కడికి మోసుకొచ్చాడు. అక్కడ పట్టాలు రెండడుగులే. ఇక్కడికొచ్చాక రెండడుగుల తొమ్మిది అంగుళాలకి పెంచి, బండ్లన్నీ దానికి తగ్గట్టు మార్చాడు. 1970 ఆగస్టులో మొదటి బండి నడిపాడు. మరుసటి ఏడే, 1971లో పోయాడు. దారి కోలిటన్ దాకా పూర్తయింది 1980లో, ఆయన చూడలేదు. మిగిలినవాళ్లు ఆపకుండా వేశారు. మొదట్లో బ్యాటరీలతో నడిపి, తర్వాత పైన తీగ వేశారు. ఆ తీగలో కరెంటు 120 వోల్టులే. మన ఇంట్లో ఫ్యానుకి వచ్చే దానిలో సగం!

కోలిటన్ స్టేషన్ పాత రైలు కట్టడమే. దాన్ని కూల్చకుండా కొట్టూ హోటలూ పెట్టారు. బయట బల్లల మీద కూర్చుని మేం కట్టుకెళ్లిన పులిహోర తిన్నాం. ఊళ్లోకి కొంచెం నడక, ఎనిమిది మూలల గోపురం ఉన్న పాత చర్చి ఉంది, చూడొచ్చు. ఊళ్లో ఒకచోట టీ తాగాం. పేరెందుకులెండి, గోరువెచ్చని నీళ్లలో పాలు చూపించినట్టుంది. ఫ్లాస్కు తీసుకెళ్లండి.

తిరిగి ఎక్కేముందు మా ఆయన ఇక ఆగలేకపోయారు. కోలిటన్‌లో లైను ముగిసేచోట పట్టాలు దగ్గరగా అందుతాయి. "అమ్మా, ఆ డ్రైవర్ బాబుని ఒక్కసారి అడుగు" అన్నారు కూతురితో. అది సిగ్గుపడింది. "నాన్నా, రైలు పట్టాలు కొలుస్తానంటే ఏమనుకుంటారు?" అంది. చివరికి అల్లుడే వెళ్లి అడిగాడు. ఆ డ్రైవర్ యాభై ఏళ్ల మనిషి. టేపు చూసి, మా ఆయన మొహం చూసి, అటూ ఇటూ లైను చూసుకుని, రమ్మని చెయ్యూపాడు. పక్కనే నిలబడ్డాడు.

మా ఆయన గొంతుక్కూర్చుని టేపు మొన ఒక పట్టా లోపలి అంచుకి ఆనించారు. అది జారకుండా మనవడి వేలు దాని మీద పెట్టించారు. టేపు బిగలాగి, కళ్లద్దాలు పైకి జరిపి, రెండో పట్టా లోపలి అంచు దగ్గర బొటనవేలి గోరు పెట్టారు. నలభై ఏళ్లు కొట్లో కుర్రాడికి కొలతలు చెప్పిన గొంతుతోనే అన్నారు.

"ముప్ఫై మూడు."

ఆ తర్వాత లేచి నిలబడి, "మనది ముప్ఫై. వీళ్లు మూడంగుళాలు లూజు ఇచ్చారు" అన్నారు. అల్లుడు ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి డ్రైవర్ పకపకా నవ్వాడు. ఆ మూడంగుళాల వల్ల బండి తక్కువ ఊగుతుందని, పెద్దవాళ్లు హాయిగా కూర్చోవచ్చని చెప్పాడు. ఇండియాలో మీ ఊరి రైలు సంగతి చెప్పమన్నాడు. మా ఆయన తెలుగులోనే చెప్పుకుపోయారు, అల్లుడు అందుకున్నంత అందించాడు. బండి బయల్దేరాల్సిన టైము కాకపోతే ఆ కబుర్లు తెగేవి కావు.

తిరుగు ప్రయాణంలో మాకు దక్కింది పందొమ్మిదో నంబరు బండి. దీని కథ మాకు బాగా పట్టేసింది. 1906లో తయారై ఎక్సెటర్ వీధుల్లో, అంటే మా అమ్మాయి ఇప్పుడు ఉంటున్న ఊళ్లో, నడిచిన అసలు ట్రాం ఇది. ఆ ఊళ్లో ట్రాంలు ఆపేసింది 1931లో. ఇక్కడ మన బండి గుణుపురం చేరిన ఏడాదే! ఎక్సెటర్‌లో పట్టాలు మూడున్నర అడుగులు. నలభై రెండంగుళాల బండిని ముప్ఫై మూడు పట్టా మీదికి తేవాలంటే ఒళ్లంతా విప్పి, సన్నం చేసి, మళ్లీ కూర్చాలి. మా ఆయన లోపల చెక్క పలకలు కలిసే చోటల్లా వేలితో తడుముతూ కూర్చున్నారు. "ఎంత బాగా ఆల్టర్ చేశాడే! తొమ్మిదంగుళాలు తీసినట్టు ఎక్కడా తెలీట్లేదు" అన్నారు. ఇంకొకరి చేతిపనిని ఆయన అంత మెచ్చుకోవడం నేను ఎప్పుడూ వినలేదు.

టికెట్ విషయం. మేం తీసుకున్న దాంతో ఆ రోజు ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. అందుకే తొందరపడి ఒక్కసారి వెళ్లొచ్చి అయిందనిపించకండి. పొద్దున ఒకసారి వెళ్లండి, పోటు మారాక ఇంకోసారి వెళ్లండి. అదే నది, అదే దారి, పిట్టలు వేరేవి ఉంటాయి. చలికాలంలో బండ్లు తక్కువ, ముందే రోజు చూసుకుని బయల్దేరాలి. కారు లేనివాళ్లు రైల్లో ఆక్స్‌మిన్‌స్టర్ దాకా వచ్చి అక్కడ బస్సు పట్టుకోవాలి.

ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. సీటన్ వాళ్లకి ఇప్పుడు అసలు రైలు లేదు. ఆసుపత్రికో ఉద్యోగానికో వెళ్లాలంటే ఈ ట్రాం పనికిరాదు, బస్సెక్కాల్సిందే. మనకి పెద్ద లైను వచ్చింది. నా మోకాలి ఆపరేషన్‌కి పర్లాలో ఎక్కి విశాఖలో దిగాను, మధ్యలో బండి మారలేదు. చిన్నబండి రోజుల్లో అయితే నౌపడాలో దిగి, మెట్లెక్కి, సామాను మోసుకుని ఇంకో బండి పట్టుకోవాలి. ఆ కష్టం పడ్డవాళ్లం. కాబట్టి పెద్ద బండి వద్దని నేను ఛస్తే అనను. కానీ చిన్నదాన్ని గుర్తుకైనా కాస్త నడవనిచ్చి ఉంటే బాగుండేదని మాత్రం ఆ రోజు కోలిటన్‌లో కూర్చుని గట్టిగా అనిపించింది. ఎక్కడో అర కిలోమీటరు చాలు. రెండు పెట్టెలు, ఒక ఇంజను. మా మనవడు ఆ బల్ల మీద నాకెదురుగా కూర్చుంటే, వాడి మోకాళ్లు నా మోకాళ్లకి తగిలితే, మీ ముత్తవ్వ ఇలా కూర్చునే నాకు సున్నుండ పెట్టిందని చెప్పాలని ఉంది. సీటన్‌లో అదే మాట చెప్పాను. వాడు విన్నాడు, కానీ కిటికీలోంచి కనిపించేది గంగువాడ కాదు.

నా మట్టుకు అయిదుకి అయిదు ఇస్తాను. ఒక రోజంతా పెట్టుకుని వెళ్లండి. వెళ్లేటప్పుడు నదివైపు, కుడిపక్క కూర్చోండి. వచ్చేటప్పుడు ఆ సీట్లు చిత్తడినేలల వైపు ఉన్నవాళ్లకి ఇచ్చేయండి.

ఇదంతా విని వదిన ఒక్కటే అడిగింది. "మన బండి కన్నా జోరుగా వెళ్తుందా?"

"లేదు వదినా. అంతే."

ఆవిడ తృప్తిగా తలూపి చాట అందుకుంది. లోపల మా ఆయన తన పాత కొలతల పుస్తకం తీసి ఏదో రాస్తున్నారు. తర్వాత తెరిచి చూశాను. ఛాతీ, నడుము రాసే గడుల్లోనే, అదే వంకర అంకెలతో వరసగా మూడు లైన్లు ఉన్నాయి. నౌపడా 30. సీటన్ 33. ఇప్పటిది 66.